తలుపవతల ఎవరున్నారో మా మరిది చెప్పే పోయాడు

నా పేరు ఆవుల చెంచమ్మ. వయసు అరవై దాటింది. ఎంత దాటిందో చెప్పవలసిన మా అమ్మ ఇప్పుడు లేదు. తడ ఊరికి పైన, ఉప్పు కాలువ మీద పడవలు దాటే లాకు పక్కన మా ఇల్లు. ఇంటి ముందు పందిరి వేసి పడవలవాళ్ళకు అన్నం వండి పెడతాను. ఇంట్లో నేను, నా భర్త, కోడలు మస్తానమ్మ ఉంటాము. కొడుకు పడవ మీద తిరుగుతుంటాడు. భర్త పేరు నా నోటితో చెప్పను, ఈ కాగితం రాసిపెడుతున్న టీచరమ్మ రాస్తుంది: ఆవుల రామయ్య, ఒకప్పుడు కట్టెల పడవకు సరంగు, ఇప్పుడు మోకాళ్ళు పట్టేసి అరుగు మీదే కూర్చుంటాడు. మొన్నటిదాకా మా ఇంట్లో ఇంకొక మనిషి ఉండేవాడు. నా భర్తకు తమ్ముడు, నాకు మరిది. లాకు దగ్గర సుంకం గుమాస్తా. మీకు మాత్రం అతను వేరే మనిషి. మీరు తలుపు గడియ రెండుసార్లు చూసుకుని పడుకునేలా చేసిన దయ్యాల కథలూ, ఆకాశంలో ఊళ్ళు కట్టిన కథలూ రాసింది అతనే.

మా మరిది పోయాడు. జ్వరంతో పడుకుని మళ్ళీ లేవలేదు. ఆ కబురు మీ వారపత్రికలో ఒక మూలన, ఫోటో కూడా లేకుండా వేశారు. దాని కిందే ఇంకొక మాట వేశారు. అతను సగంలో వదిలిపెట్టిన ‘తెల్లనేల’ సీరియల్‌ను మద్రాసులో ఉండే మరొక రచయిత పూర్తి చేస్తారట. నాకు చదువు రాదు. మిషన్ బడి రాహేలమ్మ టీచరు చదివి వినిపించింది. రెండోసారి చదవమన్నాను. రెండోసారి కూడా అదే మాట ఉంది.

నా వ్యాజ్యం ఆ ఒక్క మాట మీదే. మా మరిది ‘తెల్లనేల’ను సగంలో వదల్లేదు. చివరిదాకా అల్లి ముగించాడు. చివరిదాకా నాకు చెప్పాడు. కాగితం మీద పెట్టడానికి ప్రాణం చాల్లేదు, అంతే. అల్లిన చాపను మడిచి పెట్టి పోయినవాడి ఇంటికి వచ్చి, సగం చాప ఉంది, మిగతాది మేము అల్లుకుంటాం అంటే ఊరుకుంటానా?

పత్రిక తరఫున ఒక సబ్ ఎడిటరు మా ఇంటికి వచ్చాడు. మర్యాదస్తుడు. చెప్పులు బయటే విడిచి కూర్చున్నాడు.

“ఆఖరి భాగాల కాగితాలు ఏమైనా ఉన్నాయా అమ్మా?” అని అడిగాడు.

“కాగితాలు లేవు నాయనా. కథ ఉండాది. ఇప్పుడే చెప్పమంటే ఇప్పుడే చెప్తా.”

“మీరు చెబితే ఎలాగమ్మా. రేపు ఎవరైనా అడిగితే రచయితగారి వదిన చెప్పింది అనమంటారా?”

“అను. అబద్ధమా ఏంది?”

“మీరే కల్పించారంటారు.”

“కల్పించే తెలివే నాకుంటే నీ పత్రికలో నా పేరే ఏసుకోనుందును. ఈ పొయ్యి కాడ పొగ తాగతా ఎందుకు కూచోనుండా?”

అతను నవ్వాడు. మట్టగిడస చేపల పులుసుతో అన్నం తిన్నాడు, మారు వడ్డించుకున్నాడు. లేచేటప్పుడు, “కథ సంగతి ఎడిటరుగారు నిర్ణయించేశారమ్మా, నా చేతిలో లేదు. మీరు ఆయన గురించి నాలుగు మంచి మాటలు చెప్పి పంపండి, రెండు పేజీలు ఇస్తాం” అన్నాడు. ఇవే ఆ నాలుగు మంచి మాటలు. రాహేలమ్మ టీచరు రాస్తోంది. నా మాటలను ఆమె బడి భాషలోకి సర్దుకుంటే అభ్యంతరం లేదు. మనుషులు అనుకున్న మాటలు మాత్రం నోట వచ్చినవి వచ్చినట్టే పెట్టమన్నాను.

అతను ఎట్లా పని చేసేవాడో ముందు మీరు తెలుసుకోవాలి. అది తెలిస్తే నా మాటలో నిజం ఎంతో మీకే తెలుస్తుంది.

మధ్యాహ్నం అన్నాలయ్యాక పడవలవాళ్ళు సవక చెట్ల కింద తలగుడ్డ పరుచుకుని పడుకుంటారు. నేను రాత్రి వంటకు రొయ్యలు వలుచుకుంటూ పందిట్లో కూర్చుంటాను. అప్పుడు మా మరిది సుంకం గది తాళం వేసి వచ్చి నా ఎదురుగా పీట వేసుకునేవాడు. కాలువ నీళ్ళు ఎండకు కళ్ళు పొడుస్తుండేవి. ఆ ఎండలో దయ్యం కథ మొదలుపెట్టేవాడు.

“దయ్యాల కథలకు పొద్దు గూకాల గదా అబ్బయ్యా. ఈ యాళప్పుడు ఎవురు భయపడతారు?” అని మొదట్లో నేనే ఎగతాళి చేశాను.

“చీకట్లో బల్లి పలికినా ఉలిక్కిపడతాం వదినా. అది చీకటి గొప్ప, బల్లి గొప్ప గాదు. నట్టెండలో భయపెడితేనే అది కథ.”

కథ చెబుతూ నా మొహం వైపు చూసేవాడు కాదు. నా చేతుల వైపు చూసేవాడు. రొయ్య వలిచే చేయి ఆగిందా, కథ బతికింది. ఆగకుండా వలుస్తూనే ఉన్నానా, మధ్యలోనే నిలిపి, ఒక్క మాట అనకుండా పీట గోడకు ఆనించి వెళ్ళిపోయేవాడు. ఆ కథ ఇక కాగితం ఎక్కేది కాదు. నేను జాలిపడి, “బాగుండాది అబ్బయ్యా, నాకు వణుకొచ్చింది” అన్నా వినేవాడు కాదు.

“నీ నోరు నన్ను మంచి చేసుకునేదానికి ఏమైనా అంటాది. చేతులకు అంత తెలివి లేదు” అనేవాడు.

ఇంకొక పద్ధతి కూడా ఉంది. కథ ఎక్కడ ఆగుతుందో తెలియకుండా మొదలుపెట్టేవాడు కాదు. సీరియల్ అయితే ముందు ముగింపు చెప్పేవాడు, ఆ తర్వాత మొదటి నుంచి చెప్పేవాడు. “ఏ రేవుకు పోవాల్నో తెలవకుండా పడవ ఇప్పుతామా?” అనేవాడు. పన్నెండేళ్ళకు పైగా రాశాడు. ముందు నాకు చెప్పని కథ ఒక్కటీ మీకు చేరలేదు. పడవలవాళ్ళు పట్టుబట్టిన మొదటి సీరియల్ ఒక్కటి తప్ప, చెప్పిన ముగింపును ఆ తర్వాత మార్చిందీ లేదు. ఇది గుర్తు పెట్టుకోండి.

అతను ఎనిమిదో తరగతితో బడి మానేశాడు. మద్రాసు నుంచి వచ్చే పడవల్లో బెల్లం బుట్టల మీద, గాజుల పెట్టెల్లో పాత పత్రికలు పరిచి పంపేవాళ్ళు. అవి ఎండలో ఆరబెట్టుకుని చదువుకున్నాడు. చివరి పేజీ చిరిగిపోయిన కథలే ఎక్కువ. వాటికి ముగింపులు తనే అల్లి నాకు చెప్పేవాడు. అట్లా మొదలైంది ఈ పిచ్చి.

మొదటి సీరియల్ మా లాకు మీదే రాశాడు. లాకులో మునిగిపోయిన ఒక ఆడమనిషి తడిచీరతో గట్టున నిలబడి, వచ్చే పడవలను “అన్నా, ఎక్కించుకోండన్నా, పుట్టింటికి పోవాల” అని అడుగుతుంది. జాలిపడి ఎక్కించుకుంటారు. ఎక్కింది ఒక్క మనిషే. పడవ మాత్రం నిండా కట్టెలు వేసినట్టు నీళ్ళలోకి దిగుతుంది. అంతకంటే ఏమీ జరగదు. మా మరిది కథల్లో కోరలు ఉండవు, రక్తం ఉండదు. “దయ్యమంటే ఏంది వదినా, ఎవురూ పిలవని చుట్టం” అనేవాడు. ఆ కథ చెప్పినప్పుడు నా చేతిలో రొయ్య ఎండిపోయింది.

పత్రిక కాలువ మీదికి వచ్చింది. ప్రతి పడవలోనూ అక్షరాలు కూడబలుక్కునేవాడు ఒకడుంటాడు, వాడు చదివితే మిగతావాళ్ళు వింటారు. వారం తిరగకముందే, పొద్దు వాలితే ఏ పడవా మా లాకులోకి రావడం లేదు. శ్రీహరికోట కట్టెల పడవలు వరసగా గట్టుకు కట్టేసి ఉన్నాయి. మద్రాసులో పొయ్యిలు ఆగిపోతున్నాయని పైనుంచి కబుర్లు వస్తున్నాయి. ఇంత అలజడికీ కారణం ఎవరో పైవాళ్ళకు తెలియదు కాబట్టి మా మరిది ఉద్యోగం నిలిచింది.

పడవలవాళ్ళందరూ కలిసి మా పందిట్లోకి వచ్చారు. వాళ్ళకు పెద్ద పెంచలయ్య. ఈ కాగితం రాస్తున్నప్పుడు కూడా నా పక్కనే కూర్చుని ఉన్నాడు.

“గుమాస్తా, నువ్వు పెట్టిన మనిషిని నువ్వే తీసెయ్యాల” అన్నాడు పెంచలయ్య.

“అది కథ పెంచలయ్యా.”

“కథే. మేం కాదన్నామా? కథలోనే తీసెయ్.”

తరువాతి వారం, ఆ తడిచీర మనిషి దక్షిణంగా పోయే పడవ ఎక్కి కింది లాకు దగ్గర దిగిపోయిందని రాశాడు. మా లాకులో పడవలు కదిలాయి. అందరూ సంతోషించారు. పది రోజులకు కింది లాకువాళ్ళు పడవ కట్టుకుని వచ్చి మా గట్టున దిగారు.

“ఏం గుమాస్తా, మేం నీకేం అన్యాయం చేసినామని మామీదికి తోలినావు?”

సరేనని ఆమెను ఉత్తరానికి, కృష్ణపట్నం వైపు పంపించాడు. అక్కడివాళ్ళు మనుషులను పంపలేదు, మాట పంపారు: మా రేవులో దిగనియ్యం, దింపితే ఆ పడవను తగలేస్తాం అని. మా మరిది పందిట్లో కూర్చుని రెండు చేతులతో తల పట్టుకున్నాడు. నేను కడుపు పట్టుకుని నవ్వుతున్నాను. అది రష్యావాళ్ళు కుక్కను ఆకాశంలోకి పంపారని అందరూ చెప్పుకుంటున్న కాలం. పెంచలయ్య విస్తరి ముందు కూర్చుని ముద్ద కలుపుతూ అన్నాడు:

“కుక్కనే పంపినారంట గదా పైకి. మన మనిషిని పంపలేవా?”

పంక్తి అంతా నవ్వింది. మా మరిది నవ్వలేదు. మజ్జిగ పోసుకోకుండానే లేచాడు.

ఆ వారం తడిచీర మనిషి ఆకాశపు ఓడ ఎక్కి చందమామ మీదికి పోయింది. ఎక్కగానే ఓడ బరువెక్కింది. లోపల ఉన్న పెద్ద చదువుల వాళ్ళకు అది ఎందుకు బరువెక్కిందో లెక్కకు అందలేదు. ఆ భాగానికి వచ్చినన్ని ఉత్తరాలు అంతకు ముందు దేనికీ రాలేదట. అప్పటి నుంచి అతను ఆకాశం వదల్లేదు. ఎవరో పెద్దాయన, అతను ఇంగ్లీషు పుస్తకాలు చూసి ఈ ఆకాశపు కథలు మొదలుపెట్టాడని రాశాడట. కాదు. భూమ్మీద ఏ ఊరివాళ్ళూ ఆ మనిషిని దిగనియ్యలేదు. అందుకు మొదలుపెట్టాడు.

ఆ తర్వాత అతని కథలు చిన్న పుస్తకాలుగా వచ్చాయి. ఒకసారి మా చెల్లెలి ఊరికి పోతూ గూడూరు స్టేషనులో దిగాను. పుస్తకాల కొట్టు ముందు తాడుకు బట్టలు ఆరేసినట్టు పుస్తకాలు వేలాడుతున్నాయి. ఒకదాని మీద చందమామ, దాని పక్కన తడిచీర మనిషి. బొమ్మ చూసి పోల్చుకున్నాను.

“ఇది రాసినాయన ఎవురో తెల్సా?” అని కొట్టువాణ్ణి అడిగాను.

“మద్రాసులో పెద్ద మేడమ్మా ఆయనకి. కారుండాది. రేత్రిళ్ళు శ్మశానంలో కూచోని రాస్తాడంట.”

“మేడా? నిన్న మా ఇంట్లో తొక్కు పచ్చడేసుకోని తిన్నాడు. కప్ప కనబడితే పీటెక్కి నన్ను పిలస్తాడు.”

కొట్టువాడు నమ్మలేదు. మీరు నమ్మండి. జిల్లా అంతటినీ భయపెట్టినవాడికి కప్పంటే భయం. వానాకాలంలో సుంకం గది గుమ్మం దగ్గర నిలబడి “వదినా, ఉండాదా పోయిందా?” అని అడిగేవాడు. నేను చీపురుతో తోసేదాకా లోపల అడుగు పెట్టేవాడు కాదు.

పెళ్ళి చేసుకోలేదు. కోవూరు వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది. మంచి మాగాణి ఉన్నవాళ్ళు. అంతా కుదిరాక పిల్ల తల్లి నన్ను పక్కకు పిలిచి, “రాసేదానికి ముందు ఆ దయ్యాలను ఇంట్లోకి పిలస్తాడా, బయటే మాట్లాడి పంపిస్తాడా?” అని అడిగింది. నేను తిట్టి పంపాను. మా మరిది మాత్రం ఆ ప్రశ్న మంచి ప్రశ్న అన్నాడు. దాని మీద ఒక కథ రాశాడు కూడా. సంబంధం పోయిందని నేను ఏడుస్తుంటే కథ వచ్చిందని అతను సంతోషపడ్డాడు. అటువంటి మనిషితో ఎట్లా వేగాలో చెప్పండి.

ఉత్తరాలు రాసినవాళ్ళందరికీ జవాబు రాసేవాడు. భయంతో నిద్ర పట్టడం లేదని ఒక కాలేజీ పిల్ల రాస్తే, ఆ దయ్యం చాలా మంచిదనీ, దాని చిన్నప్పటి సంగతులు ఇవీ అనీ మూడు పేజీలు రాసి పంపాడు. కథలో లేని సంగతులు అవి. నాకు కూడా చెప్పలేదు. ఎందుకింత ఓపిక అంటే, “భయపెట్టి వదిలేస్తే పాపం వదినా, ఇంటిదాకా దిగబెట్టాల” అన్నాడు.

ఇక ‘తెల్లనేల’ సంగతి. ఇది చదవని వాళ్ళ కోసం చెబుతున్నాను. చందమామకు అవతలి పక్క నేల ఉప్పుమడిలా తెల్లగా ఉంటుంది. అక్కడ ఒక ఇనప ఇల్లు. మన తీరం పిల్ల ఒకతె ఆ ఇంట్లో ఒంటరిగా ఉంది. తోటివాళ్ళు సరుకు తేవడానికి పోయి తిరిగి రాలేదు. బయట గాలి లేదు, మనిషి ఒక్క గుక్క సేపు బతకలేడు. అటువంటి చోట, బయటి నుంచి ఎవరో ఆ పిల్లను పేరు పెట్టి పిలుస్తారు. చచ్చిపోయిన తల్లి గొంతుతో.

ఈ కథ తలలో మెదులుతున్నప్పుడే సర్కారు మనుషులు శ్రీహరికోటలో జెండాలు పాతి నేల కొలవడానికి వచ్చారు. అక్కడి నుంచి రాకెట్లు వదులుతారని చెప్పుకున్నారు. వాళ్ళు మా పందిట్లో భోజనం చేశారు. మా మరిది వాళ్ళ పక్కన చేరి అడిగాడు, పైన గాలి లేని చోట పిలిస్తే వినబడుతుందా అని. వినబడదు, శబ్దం మోయడానికి గాలి ఉండాలి అన్నారు. అతని మొహం వాడిపోయింది. కథ చచ్చిపోయినట్టే కదా. కొన్నాళ్ళు సరిగా అన్నం తినలేదు.

ఒక మధ్యాహ్నం అన్నను వెంటబెట్టుకుని లాకు మీదికి పోయాడు. నా భర్త మోకాళ్ళు అప్పటికి ఇంకా ఆడుతున్నాయి. లాకు తలుపుకు ఈ చివర నుంచి ఆ చివరకు ఇనప పట్టీ కొట్టి ఉంటుంది. ఒక చివర తను చెవి ఆనించి పడుకున్నాడు. రెండో చివర అన్నను నోరు ఆనించి మాట్లాడమన్నాడు.

“ఏం మాట్లాడాల్రా?” అన్నాడు నా భర్త.

“ఏందో ఒకటి మాట్లాడన్నా.”

నా భర్త రోజుకు పది మాటలు ఆడితే ఎక్కువ. చాలాసేపు ఆలోచించి, వంగి, ఇనప పట్టీకి మూతి ఆనించి ఏదో అన్నాడు. మా మరిది తల ఎత్తాడు. నవ్వుతున్నాడు, కానీ ఒళ్ళు గగుర్పొడిచి ఉంది.

“ఏమన్నాడు?” అని గట్టు మీద నుంచి కేకేశాను.

“అన్నం తిన్నావా అన్నాడు వదినా. ఇప్పుడే గదా ఒకే పంక్తిలో తిన్నాం.” తర్వాత దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పాడు: “అన్న గొంతే. గానీ అన్న గాదు. ఇనుములో నుంచి వస్తే అట్టా అవుతాది. అది చాలు నాకు.”

అందుకే ‘తెల్లనేల’లో గాలి లేకపోయినా వినబడేట్టు, బయట ఉన్నది తలుపు ఇనుముకు నోరు ఆనించి పిలుస్తుంది. మీరు ఆ భాగం చదివి వణికారంటే, ఆ వణుకు మా లాకు తలుపులో నుంచి వచ్చింది.

ఇంకొక సంగతి ఉంది. మా వైపు ఎవరైనా బయటి నుంచి పేరు పెట్టి పిలిస్తే మొదటి పిలుపుకు పలకరు. రెండో పిలుపుకూ పలకరు. మనిషి కానిది మూడోసారి పిలవదు. మూడు పిలుపులు వినబడితే అది మనిషే, అప్పుడు పలకకపోతే తప్పు. ఆ పిల్లకు తల్లి నేర్పినది అదే. బయట ఉన్నది మొదట ఒక్కసారే పిలిచి ఊరుకునేది. కొన్నాళ్ళకు రెండుసార్లు పిలిచింది. పిల్ల నిద్రలో తల్లి మాటలన్నీ కలవరిస్తుంటే అది తలుపుకు చెవి ఆనించి నేర్చుకుంటోంది. అచ్చయిన ఆఖరి భాగంలో అది మొదటిసారి మూడో పిలుపు పిలిచింది. మా మరిది రాసింది అంతవరకే.

ఈ వారం మద్రాసు రచయిత రాసిన భాగం వచ్చింది. టీచరమ్మ చదివింది. ఆ గొంతు గాలిలో తేలి వచ్చిందట. గాలి లేదని ఇన్ని వారాలు చెప్పాక గాలి ఎక్కడిది? ఆ పిల్ల పెట్టెలో నుంచి తుపాకీ తీసిందట. వచ్చే భాగంలో తలుపు తీసి కాలుస్తుందని కింద రాశారు. మా తీరంలో పుట్టిన పిల్ల, మూడో పిలుపు విన్నది, పలకకుండా తుపాకీ తీస్తుందా? ఆయన మంచి రచయితే కావచ్చు. ఆయన కథలు ఆయన రాసుకోనివ్వండి. ఈ పిల్ల ఆయనకు తెలియదు.

మా మరిది ‘తెల్లనేల’ ముగింపు నాకు చెప్పిన మధ్యాహ్నం మేమిద్దరం పోట్లాడుకున్నాం. అది కూడా దాచను.

చెప్పడం అయ్యాక, “పలికితే ఆ పిల్ల చచ్చిపోవాల. అప్పుడు గదా భయం” అన్నాను.

“చావదు వదినా.”

“పోనీ పలకకుండా ఉండాల. అది అరిచి అరిచి పోవాల.”

“పోదు.”

“అయితే భయమేడుండాది? ఈ కథ మార్చు అబ్బయ్యా.”

అన్నాళ్ళలో ఏనాడూ నాకు ఎదురు చెప్పనివాడు, “మార్చను. నీ చేతులు చూసుకో” అన్నాడు.

చూసుకున్నాను. రొయ్యల చేట ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కాకులు సగం ఎత్తుకుపోయాయి. ఎప్పుడు వచ్చాయో నాకు తెలియదు.

“ఇది భయం గాదు” అన్నాను.

“నాకూ తెల్సు వదినా, భయం గాదని. ఏందో నాకూ తెల్దు” అన్నాడు.

అందుకని చదివే అయ్యలకూ అమ్మలకూ చెబుతున్నాను. నేనే కల్పించి ఉంటే ఆ పిల్లను తప్పకుండా చంపేసి ఉండేదాన్ని. నాకు నచ్చని ముగింపును మోసుకొచ్చి మీ ముందు దించుతున్నాను. ఇది నాది కాదనడానికి ఇంతకంటే రుజువు ఎక్కడ తేను? ఎడిటరుగారు రెండు పేజీలు ఇస్తామన్నారు. మాట తప్పరనే అనుకుంటున్నాను. అచ్చు వేయకపోతే పెంచలయ్య దీన్ని ప్రతి పడవలోనూ చదివిస్తానన్నాడు. కాలువ మీద చదివినది ఎంత దూరం పోతుందో ఎడిటరుగారు ఒకసారి చూసే ఉన్నారు.

మా మరిది చెప్పిన ముగింపు ఇది.

మూడో పిలుపు వినబడింది. పిల్ల లేచింది. అది అమ్మ కాదని ఆమెకు తెలుసు. మనిషి కాదని కూడా తెలుసు. కానీ మూడుసార్లు పిలవడం నేర్చుకున్నది, ఎవరో ఒకరు పలకాలనే కదా నేర్చుకుంది అనుకుంది. తలుపు గడియ ముట్టుకోలేదు. ఇనుము మీద నోరు పెట్టి, “ఎవరది?” అని అడిగింది.

అవతల చప్పుడు ఆగిపోయింది. ఆ మాట దాన్ని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. దానికి తల్లి మాటలన్నీ వచ్చు, ఈ ఒక్కదానికీ జవాబు మాత్రం ఆ మాటల్లో లేదు. పిల్ల, “తెలిసినప్పుడు చెప్పు, నేను ఇక్కడే ఉంటాను” అని, అన్నాలయ్యాక ఆడవాళ్ళు గుమ్మం దగ్గర కూర్చున్నట్టు, కాళ్ళు చాపుకుని తలుపుకు వీపు ఆనించి కూర్చుంది. ఆ నేల మీద తలుపు ఇనుము ఒళ్ళు కొరికేసేంత చల్లన. పిల్ల పళ్ళు బిగబట్టుకుని కూర్చునే ఉంది. కొంతసేపటికి, తలుపు తక్కిన మేరంతా అట్లాగే చల్లగా ఉండగా, కూర్చున్న మనిషి వీపు ఎంత ఎత్తు వస్తుందో అంత మేర మాత్రం, అవతలి నుంచి, మెల్లగా వెచ్చబడసాగింది.

చదివి వినిపించగా విని, సరిగా ఉందని ఒప్పుకుని వేసిన
ఆవుల చెంచమ్మ ఎడమచేతి బొటనవేలి ముద్ర

చూచిన సాక్షులు:
పెంచలయ్య, పడవ సరంగు (వేలిముద్ర)
ఆవుల మస్తానమ్మ, కోడలు (చేవ్రాలు)

రాసినది: రాహేలమ్మ, మిషన్ బడి టీచరు